చిట్టికి, అక్టోబరు రాకముందే

చిట్టీ,

సంఘం ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ గ్రూపులు ఇకనుంచి నువ్వే చూస్తావట, సంతోషం. అక్టోబరు వచ్చేస్తోంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. మన ఒడిశా గంజాం జిల్లా వాళ్లకి తుఫాన్ల వల్ల ఆ నెలంటే టెన్షన్ ఊరికే లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి, పక్కనున్న గజపతి జిల్లాలో కొండచరియలు కూల్చి ప్రాణాలు తీసింది.

తిత్లీ అప్పుడు నేను చేసిన తప్పు ముందు చెబుతాను. వంశధార పొంగి కాశీనగర్ వైపు ఊళ్లు మునిగాయి. శిబిరంలో చంటిపిల్లతో ఉన్న ఒకావిడ ఫోటో తీసి, పాలపొడి కావాలని పెట్టాను. మర్నాడే వచ్చింది. నేను మాత్రం పోస్టు తియ్యలేదు, 'అందింది' అని కూడా రాయలేదు. నెల దాటినా డబ్బాలు వస్తూనే ఉన్నాయి, అప్పటికి మాకు కావలసింది టార్పాలిన్లు. అదైనా సర్దుకున్నాం. సూరత్ మిల్లులో పనిచేసే ఆవిడ మొగుడు ఎవరి ఫోనులోనో ఆ ఫోటో చూసి, "అడుక్కునేదానిలా నిలబడ్డావా" అని గొడవ పెట్టుకున్నాడు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ మీటింగుకీ రాలేదు.

అందుకని ముఖాలు వద్దు. మునిగిన బోరింగు, తలుపు లేని మరుగుదొడ్డి, లైటు లేని వరండా ఫోటో తియ్యి.

పోస్టంటే అర్జీ అనుకో. ఊరు, పంచాయతీ, బ్లాకు, ఎంతమంది, ఏం కావాలి, తేదీ, టైము ఉండాలి. "మా ఊరిని ఆదుకోండి" అంటే దండాల బొమ్మలొస్తాయి, బండి రాదు. "ఫలానా స్కూల్లో 60 మంది ఆడవాళ్లు, ఒకటే మరుగుదొడ్డి, కరెంటు లేదు" అంటే బ్లాకు అధికారి బీడీవో జవాబు చెప్పుకోవాలి. కలెక్టరుకీ, భువనేశ్వర్‌లో ప్రత్యేక సహాయ కమిషనర్‌కీ ట్యాగ్ చేసేది ఒడియాలోనే రాయి. నా ఒడియా అంతా తప్పులే, నీది నయం. సముద్రపు ఒడ్డు ముసలమ్మలకి మాత్రం తెలుగులో వాయిస్ మెసేజ్ పంపు, సిగ్నల్ పోకముందే.

ప్యాడ్లు అని రాయడానికి సిగ్గుపడకు. 'మహిళలకు అవసరమైన వస్తువులు' అని రాస్తే పాత చీరలొస్తాయి.

శిబిరంలో ఎవరిమీదైనా అఘాయిత్యం జరిగితే అది పేజీకి ఎక్కకూడదు. అత్యవసర నంబరు 112కో, మహిళా హెల్ప్‌లైన్ 181కో ఫోన్ చేసి, ఆవిడ వెంట నువ్వు వెళ్లు. అత్యాచారం జరిగిన మనిషి పేరే కాదు, ఆనవాలు బయటపెట్టినా నేరమే, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద. చిన్న ఊళ్లో వీధి పేరు చెబితే పేరు చెప్పినట్టే.

నీ సొంత నంబరు పెట్టకు. అరవై ఏళ్లదాన్ని, నాకే రాత్రి రెండింటికి 'హాయ్'లొచ్చేవి! వేరే సిమ్ తీసుకుని ఇద్దరు చూసుకోండి. డబ్బు సంఘం ఖాతాకే రావాలి. వచ్చినదీ ఖర్చయినదీ ఏ రోజుకారోజు సాయంత్రం పేజీలో రాయి.

ఆదివారం బరంపురం రా. ఆఫీసర్ల నంబర్లు రాసుకున్న నా పాత నోటుపుస్తకం ఇస్తాను. సగం మంది బదిలీ అయిపోయుంటారు, ఇద్దరం కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చూద్దాం.

మీ పెద్దమ్మ