వెల్డింగ్ నేర్పించాలా, వద్దా?

టెక్కలి దగ్గర ఊరి నుంచి ఒకమ్మ రాశారు. వాళ్లబ్బాయి పది పాసయ్యాడు, ఇంటర్ వద్దు, ఐటీఐలో వెల్డర్ ట్రేడ్‌లో చేరతానంటున్నాడు. మేనమామేమో ఐటీఐ ఎందుకు, మూడు నెలలు ఎక్కడో నేర్పించి గల్ఫ్ పంపేద్దాం అంటున్నాడు. తండ్రికి అసలు ఇష్టం లేదు, నిప్పురవ్వల పని, కళ్లు పాడవుతాయి, పైగా నామోషీ అని.

అమ్మా, చేర్పించండి. ఐటీఐలోనే.

మీవారు రోడ్డు పక్కన గ్రిల్స్ చేసే షాపు చూసి అంటున్నట్టున్నారు. ఈ పని 1880ల్లో రష్యాలో బెనార్డోస్ అనే ఆయన కార్బన్ కడ్డీతో కరెంటు మంట పుట్టించి ఇనుము అతికించడంతో ఊపందుకుంది. అప్పట్లో కరిగిన లోహంలోకి గాలి చేరి అతుకు పెళుసుబారేది. 1900ల మొదట్లో స్వీడన్‌లో షెల్‌బర్గ్ అనే ఆయన కడ్డీకి పూత పూశాడు, ఆ పూత కాలి, వచ్చే పొగా పైన కట్టే చిట్టెమూ అతుకును గాలి తగలకుండా కాపాడతాయి. మీవాడు రేపు పట్టుకునే రాడ్ అదే వంశం.

అసలు కథ రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. అంతవరకూ ఓడంటే ఎక్కువగా రివెట్లే (పలకల్ని కలిపి బిగించే ఇనుప మేకులు), అమెరికా వాళ్లు వెల్డింగ్‌కి మారి లిబర్టీ అనే రకం సరుకు ఓడలు 2,710 కట్టేశారు, ఒకదాన్నయితే అయిదు రోజులు కూడా పట్టకుండా నీళ్లలోకి దింపారు. అయితే 1943 జనవరిలో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ తుఫానూ గిఫానూ లేకుండా, రేవులో కట్టేసి ఉండగానే దాదాపు రెండుగా విరిగింది. చలికి పెళుసెక్కే ఉక్కు, దానికి తోడు అతుకుల లోపాలు. రివెట్ల ఓడలో పగులు చాలాసార్లు ఆ పలక అంచు దగ్గరే ఆగిపోతుంది, వెల్డింగ్‌లో ఓడంతా ఒకే ముక్క కాబట్టి అది ఆగకుండా పరుగెడుతుంది.

అందుకే పెద్ద కంపెనీలో సర్టిఫికెట్ కంటే ముందు టెస్ట్ పెడతారు. పైపుని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చుట్టూ అతకమంటారు, అదే సిక్స్ జీ, తర్వాత ఎక్స్‌రే తీస్తారు. పైకి ఎంత నున్నగా ఉన్నా లోపల బొక్క ఉంటే ఫెయిలే. పైడిభీమవరం మందుల కంపెనీల్లో స్టీలు పైపులకి టిగ్ (టంగ్‌స్టన్ కడ్డీతో, గాలి తగలకుండా వాయువు వదులుతూ చేసే వెల్డింగ్) వెల్డర్ కావాలి, విశాఖలో షిప్‌యార్డ్ ఉంది. మూడు నెలల్లో చేయి తిరగడమే కష్టం, ఇక అతుకు ఎందుకు పగిలిందో ఎప్పుడు తెలుస్తుంది?

గల్ఫ్ తర్వాత చూద్దాం. పది పాసయ్యాడు కాబట్టి పాస్‌పోర్టులో ఈసీఆర్ (విదేశీ పనికి వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ అవసరం అనే) ముద్ర పడదు, అంటే వెళ్లేముందు ప్రభుత్వం చేసే ఆ తనిఖీ కూడా ఉండదు, అది గుర్తుంచుకోండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో చూసుకోవాలి. ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి అడగకూడదు. విజిట్ వీసా మీద వెళ్లి పని చేసుకోవచ్చంటే ఆ మాట అక్కడితో ఆపేయండి, మేనమామ చెప్పినా సరే.

కళ్ల భయం నిజమే, నేనూ చిన్నప్పుడు షాపు దగ్గర నిలబడి ఆ వెలుగు చూసి రాత్రంతా కళ్లలో ఇసుక పోసినట్టు ఏడ్చాను. నల్ల అద్దం ఉన్న వెల్డింగ్ హెల్మెట్ సరిగ్గా పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

చేర్చే ముందు ఐటీఐకి మీరే ఒకసారి వెళ్లండి. మిషన్లు నడుస్తున్నాయా, రోజుకి ఒక్కో పిల్లాడికి ఎన్ని రాడ్లు ఇస్తున్నారు అని అడగండి. లెక్క చెప్పడానికి నసిగితే ఇంకో ఐటీఐ చూడండి.