వైరు వంచితేనే ఛార్జింగా?

ప్రశ్న: ల్యాప్‌టాప్ అడాప్టర్ (19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు) వైరును ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కుతోంది. పిన్ను మధ్యలో సన్నని సూది ఉంది. కొత్తది కొనాల్సిందేనా?

జవాబు: తొందరపడకండి. మల్టీమీటర్‌ని (వోల్టులు కొలిచే మీటర్) డీసీ 200 వోల్టుల రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబు (మీటర్ తీగ చివరి కడ్డీ) పిన్ను లోపలి గోడకు, నల్లది బయటి గోడకు ఆనించండి. ఎర్ర ప్రోబు మధ్య సూదికి మాత్రం తగలకూడదు. అది అడాప్టర్ రకాన్ని ల్యాప్‌టాప్‌కు చెప్పే తీగ. దానికి 19 వోల్టులు తగిలితే అడాప్టర్ లోపలి చిప్ పోవచ్చు. ఇప్పుడు వైరు కదపండి. రీడింగ్ 19.5 నుంచి సున్నాకి పడిందంటే వైరు లోపల తెగినట్టే, సాధారణంగా పిన్నుకి రెండు మూడు అంగుళాల లోపు.

అదే రకం పిన్ను ఉన్న కొత్త డీసీ వైరు తెచ్చి, పాతది తెగిన చోటుకి అడాప్టర్ డబ్బా వైపున కత్తిరించి అతకండి. సాధారణంగా బయటి జడలాంటి రాగి అల్లిక నెగెటివ్, లోపలి లావు తీగ పాజిటివ్. అతికే ముందు మీటర్‌తో చూసుకోండి. మధ్య సూదికి వెళ్లే సన్నని మూడో తీగ వదిలేస్తే ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు. టంకం వేయడానికి ముందే హీట్‌ష్రింక్ గొట్టాలు (వేడికి ముడుచుకుని అతుకును కప్పేవి) ఎక్కించండి; అందరూ మరిచేది ఇదే!

వైరు కదిపినా 19.5 నిలకడగా ఉంటే తప్పు ల్యాప్‌టాప్ జాక్‌ది (పిన్ను గుచ్చే రంధ్రం), లేదా ఆ సన్నని మూడో తీగది కావచ్చు. అడాప్టర్ డబ్బా మాత్రం విప్పవద్దు. అందులోని పెద్ద కెపాసిటర్‌లో (కరెంటు నిల్వ ఉంచే భాగం) సుమారు 325 వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీశాక కూడా కాసేపు నిలవచ్చు.