లోపలే వెలుగు పుట్టించే మందు: మీ ప్రశ్నకు సమాధానం

మీ మావయ్యగారి లివర్‌లో గడ్డకి, ఒంట్లోనే వెలుగు పుట్టించి క్యాన్సర్ కణాలను చంపే మందు ఎక్కడ దొరుకుతుందని అడిగారు కదండీ. అది ఇంకా ల్యాబ్ దాటి రాలేదు. దాన్ని నమ్ముకుని కీమో మాత్రం ఆపకండి.

ఈ ఆలోచనకి మూలం ఫోటోడైనమిక్ థెరపీ, అంటే మందునీ వెలుగునీ కలిపి చేసే చికిత్స. అందులో ముందు ఒక మందు ఎక్కిస్తారు. దాని మీద వెలుగు పడితే పక్కనున్న ఆక్సిజన్‌ని రెచ్చగొట్టి కణాన్ని చంపుతుంది. చిక్కల్లా వెలుగుతోనే. చీకట్లో ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టి చూడండి, ఎరుపు ఒక్కటే బయటికి వస్తుంది. ఒంట్లోకి వెలుగు ఓ సెంటీమీటర్ వెళ్తే గొప్ప. అందుకే మిణుగురు పురుగులో మెరుపు పుట్టించే లూసిఫెరిన్ మీద కన్నేశారు. 2003లో దానితో, వెలుగు పడితే పనిచేసే రోజ్ బెంగాల్ అనే రంగుతో కణాలను చంపి చూపించారు. కానీ అవి ల్యాబ్‌లో పెంచిన, లూసిఫెరిన్‌ని వెలిగించే లూసిఫెరేజ్ అనే ఎంజైమ్ జన్యువు ముందే ఎక్కించిన ఎలుక కణాలు! ఆ కాస్త వెలుగు సరిపోతుందా అని తర్వాత అనుమానాలూ వచ్చాయి.

ఆస్పత్రుల్లో ఉన్నది బయటి నుంచి వెలుగు వేసే పద్ధతే. ఆ పద్ధతిలో వాడే ఫోటోఫ్రిన్ అనే మందుకి అమెరికాలో 1995లో అన్నవాహిక క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. ఎండోస్కోపీ గొట్టంలోంచి 630 నానోమీటర్ల ఎర్ర లేజర్ వేస్తారు. ఆ తర్వాత కనీసం నెల రోజులు ఎండ తగలకూడదు, మన ఊళ్లలో అదే పెద్ద టెన్షన్.

స్కాన్ రిపోర్టులు పట్టుకెళ్లి, గడ్డ సైజుని బట్టి అబ్లేషన్ (గడ్డను అక్కడే వేడితోనో చలితోనో చంపేయడం) కుదురుతుందా అని డాక్టరుగారిని అడగండి.