1990ల సీరియల్ హెచ్‌డీలో ఎలా వస్తుంది? మన పాత పెళ్లి క్యాసెట్ ఎందుకు రాదు?

ఆ సీరియల్‌ను ఫిల్మ్ మీద తీశారు, పెళ్లిని వీడియో టేపు మీద తీశారు, తేడా అదే.

35 ఎంఎం ఫిల్మ్‌లో అప్పటి టీవీ చూపించగలిగినదానికంటే చాలా ఎక్కువ వివరం దాగి ఉంటుంది. టేపులో మాత్రం మన దేశపు పద్ధతిలో తెరకు కనిపించేవి 576 గీతలే. ఫుల్ హెచ్‌డీకి 1080 కావాలి. రికార్డు కాని గీతలను తర్వాత ఎక్కడినుంచి తెస్తాం? నల్లగొండ స్టూడియోలో పాత పెళ్లి ఫొటో నెగటివ్ ఇస్తే గోడంత ప్రింటు వేయొచ్చు, క్యాసెట్ ఇస్తే పెద్ద టీవీలో మొహాలు అలుక్కుపోతాయి.

'ఫ్రెండ్స్' సంగతే చూడండి. 1994లో మొదలైన ఈ అమెరికన్ కామెడీ సీరియల్‌ను ఫిల్మ్ మీదే తీశారు, ఎడిటింగ్ మాత్రం టేపు మీద చేశారు. అందుకే 2012లో వచ్చిన బ్లూ-రే (హెచ్‌డీ డిస్కు) కోసం అసలు నెగటివ్‌లు వెతికి, స్కాన్ చేసి, ఎపిసోడ్లను మళ్లీ మొదటినుంచి కూర్చాల్సి వచ్చింది. అసలు పనంతా ఇక్కడే. దాదాపు నలుచదరంగా ఉండే పాత టీవీ బొమ్మను వెడల్పు చేయడంతో కొన్నిచోట్ల ఫ్రేము అంచున నటుల బదులు నిలబడ్డ డూపులు కూడా దొరికిపోయారు!

సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఏ క్యాసెట్టైనా హెచ్‌డీ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ చేసేది, టేపులో లేని వివరాన్ని ఊహించి నింపడమే. బొమ్మ నున్నగా అవుతుంది, కానీ పెళ్లికూతురి చీర అంచు మీది అసలు డిజైన్ తిరిగి రాదు.