ప్రొజెక్టరు కేబులు మార్చే ముందు మీ ఇంటి ఎర్త్ చూసుకోండి

ఇంట్లోని డెస్క్‌టాప్ కంప్యూటరుకు ప్రొజెక్టరు కలిపితే ఒక్కోసారి ‘నో సిగ్నల్’ అని వస్తోందనీ, బొమ్మ వచ్చినప్పుడు దాని మీద అడ్డచారలు పాకుతున్నాయనీ, శబ్దం వెనక గుర్రుమనే మోత ఉంటోందనీ రాసి, ఇవన్నీ పోవాలంటే ఏ కేబులు కొనాలని అడిగారు. మీది పాలకొల్లు దగ్గరి పల్లెలో పాత పెంకుటిల్లని కూడా చెప్పారు కనుక నేను కేబులుతో మొదలుపెట్టడం లేదు. మీ గోడకున్న మూడు రంధ్రాల సాకెట్‌లో పైనున్న పెద్ద రంధ్రానికి ఎర్త్, అంటే పరికరాల మీదికి కారే కరెంటును నేలలోకి దింపే తీగ, నిజంగా వచ్చిందో లేదో ముందు తేల్చుకోండి. మన డెల్టా పల్లెల్లో ప్రొజెక్టరు సరిగా పనిచేయలేదని వినిపించే ఫిర్యాదుల్లో చాలా భాగానికి మూలం కంప్యూటరులోనూ ఉండదు, ప్రొజెక్టరులోనూ ఉండదు, ఇంటి వైరింగులో ఉంటుందని నా గట్టి నమ్మకం.

‘నో సిగ్నల్’ సంగతి తొందరగా చెప్పేస్తాను. ప్రొజెక్టరు రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి, మీరు కేబులు పెట్టిన పోర్టునే ఎంచుకున్నారో లేదో చూడండి. మీ సీపీయూలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే ప్రొజెక్టరును ఆ కార్డు పోర్టుకే తగిలించాలి. మదర్‌బోర్డు మీది పోర్టుకు తగిలిస్తే చాలా కంప్యూటర్లలో అక్కడి నుంచి ఏమీ రాదు. ఆ తర్వాత విండోస్ బటన్ పట్టుకుని పీ అక్షరం నొక్కితే నాలుగు ఎంపికలు కనిపిస్తాయి. డూప్లికేట్ పెడితే మానిటరు మీద ఉన్నదే గోడ మీద కూడా వస్తుంది, కానీ మానిటరు 1920×1080, ప్రొజెక్టరు 1024×768 అయినప్పుడు రెండింటిలో ఏదో ఒకదాని మీద అక్షరాలు మసకబారుతాయి. అందుకే వీడియో చూసేటప్పుడు నేను ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ ఎంచుకుని, డిస్‌ప్లే సెట్టింగుల్లో ప్రొజెక్టరు అసలు రిజల్యూషన్‌ను, 60 హెర్ట్జ్‌ను పెడతాను. కంప్యూటరులో హెచ్‌డీఎంఐ (బొమ్మా శబ్దమూ రెండూ పంపే కొత్త రకం పోర్టు), ప్రొజెక్టరులో వీజీఏ (బొమ్మ మాత్రమే పంపే పాత రకం) మాత్రమే ఉంటే మధ్యలో పెట్టే కన్వర్టరు ఒకే దిశలో పనిచేస్తుందన్న సంగతి కొనేముందు గుర్తుంచుకోండి. వీజీఏలో కాపీ రక్షణ ఏర్పాటు లేదు కనుక ఆ దారిలో కొన్ని ఓటీటీ సినిమాలు నల్లతెరగానే మిగిలిపోతాయి.

ఇక చారల గురించీ మోత గురించీ నాకు కళ్లారా తెలిసింది అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో, ఒక సంక్రాంతి నాడు. ఆ ఇల్లు పాత మండువా లోగిలి. పెదమావయ్యగారి షష్టిపూర్తి వీడియోను, ఊరు విడిచి వెళ్లిన పిల్లలందరూ పండక్కి వచ్చారు కనుక, ఒక్కచోట కూర్చుని చూడాలని అత్తయ్య పట్టుబట్టింది. పట్నంలోని ఒక దుకాణం నుంచి ల్యాంపుతో పనిచేసే పాత ప్రొజెక్టరును అద్దెకు తెప్పించారు. మండువా పక్క వసారాలో సున్నం వేసిన గోడనే తెరగా అనుకున్నాం. కంప్యూటరును బల్లతో సహా వసారాలోకి జరిపి, గదిలోని పాత రెండు పిన్నుల సాకెట్ నుంచి కరెంటు ఇచ్చారు. ప్రొజెక్టరుకూ సౌండు బాక్సుకూ మాత్రం వంటింట్లో ఫ్రిజ్ కోసం వేయించిన మూడు పిన్నుల సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగారు.

చీకటి పడ్డాక బొమ్మ వచ్చింది. పీటల మీద కూర్చున్న దంపతుల మీదుగా రెండు వెడల్పాటి నీడచారలు కింది నుంచి పైకి మెల్లగా పాకుతూనే ఉన్నాయి, సౌండు బాక్సులో పురోహితుడి మంత్రాల కంటే గుర్రుమనే మోతే పెద్దగా వినిపించింది. ప్రొజెక్టరు తెచ్చిన కుర్రవాడు కేబులు పాడైందని మరొకటి పెట్టాడు, రిజల్యూషన్ తగ్గించాడు, డ్రైవరు తీసి మళ్లీ ఎక్కించాడు, ఆఖరికి కంప్యూటరే పాతబడిందని తేల్చాడు. ఆ మధ్యలో సీపీయూ వెనక వీజీఏ స్క్రూలు బిగిస్తున్న మా మేనకోడలు ఉలిక్కిపడి చేయి వెనక్కి లాక్కుని, “చెయ్యి జిల్లుమంటోంది మావయ్యా” అంది. ఆ మాట విన్న మరుక్షణం పెదమావయ్యగారు అన్నీ ఆపించి, ఊళ్లో బోరు మోటార్ల పని చేసే ఎలక్ట్రీషియన్ కోసం కబురు పంపారు.

పండగ పూట కూడా ఆయన విసుక్కోకుండా వచ్చారు. స్విచ్చు వేయించి, టెస్టరును సీపీయూ డబ్బాకు ఆనించగానే లోపలి చిన్న దీపం వెలిగింది. “ఈ డబ్బాకి ఎర్త్ లేదండి, పైనంతా కరెంటు తేలుతుందండి” అన్నారు. కంప్యూటరు ప్లగ్గును గదిలోంచి పీకించి, ప్రొజెక్టరు, సౌండు బాక్సు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే పెట్టించారు. గోడ మీది చారలు అక్కడితో మాయమయ్యాయి, మోత చాలావరకు తగ్గింది. మేమంతా పని అయిపోయిందనుకున్నాం గానీ ఆయన మాత్రం టెస్టరు మళ్లీ పెట్టి చూశారు. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. “బొమ్మ బాగుందని వదిలేస్తే పిల్లలు ముట్టుకుంటారండి” అంటూ టార్చి పట్టుకుని వంటింటి వెనక్కి, కొబ్బరిచెట్టు పక్కనున్న ఎర్త్ గుంత దగ్గరికి నడిచారు. గుంత మీద ఎండుమట్టలు పేర్చి ఉన్నాయి. వాటిని తీసి చూస్తే పైపుకు బిగించిన క్లాంపు తుప్పుపట్టి, తీగ ఊడి పక్కన పడి ఉంది. మెయిన్ ఆపించి, పైపును మెరిసేదాకా గీకి, కొత్త క్లాంపుతో తీగ బిగించి, గుంతలో నీళ్లు పోయించారు. ఆ తర్వాత టెస్టరు వెలగలేదు, మోత పూర్తిగా పోయింది, షష్టిపూర్తి మొదటి నుంచి చివరి దాకా అందరూ చూశారు. ఆఖరికి బొమ్మ ఆడించింది, పాడైందని మొదట పక్కన పడేసిన ఆ కేబులుతోనే.

దీని వెనకున్న కారణం కష్టమైనదేమీ కాదు. కంప్యూటరులోని ఎస్ఎంపీఎస్‌లో, అంటే గోడ కరెంటును కంప్యూటరుకు తగ్గట్టు మార్చే పెట్టెలో, అల్లరి తరంగాలను వడకట్టడానికి ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ లోహపు డబ్బాకు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. వాటి గుండా కారే అతిస్వల్ప కరెంటు ఎర్త్ తీగలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే 230 వోల్టుల సరఫరాలో ఆ డబ్బా దాదాపు సగం వోల్టేజి దగ్గర తేలుతూ ఉంటుంది. ఆ కారే కరెంటుకు కేబులులోని లోహపు తొడుగే దారి అవుతుంది, వీజీఏ బొమ్మలో చారగానూ స్పీకరులో మోతగానూ కనబడేది అదే. హెచ్‌డీఎంఐలో చారలు రావు గానీ, రెండు పరికరాలూ నడుస్తుండగా కేబులు గుచ్చితే రెండింటి డబ్బాల మధ్య వోల్టేజి తేడా పోర్టులోని చిప్పును దెబ్బతీయగలదు. కాబట్టి కేబులు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు రెండు ప్లగ్గులూ గోడ నుంచి తీసేయండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడానికి అమ్మే అడాప్టర్లంటే నాకు ఎంతో కోపం. ఎర్త్ పిన్నును పళ్లతోనో పటకారుతోనో పీకేసి “ఇప్పుడు పట్టిందిగా” అనే వాళ్లను చూస్తే ఇంకా కోపం. తయారుచేసినవాళ్లు మన ప్రాణం కోసం పెట్టిన దాన్ని మన చేతులతో మనమే తీసేస్తున్నాం.

ఎర్త్ విషయంలో మనంత అదృష్టవంతులు లేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువలు పారుతున్న నేల ఇది, కొద్దిగా తవ్వితే తడి తగులుతుంది, తడి నేలలో ఎర్త్ బాగా అందుతుంది. రాళ్ల సీమలో ఉన్నవాళ్లు బొగ్గూ ఉప్పూ పోసి, నీళ్లు మోసి కష్టపడి సాధించేది మనకు తేలిగ్గా వస్తుంది. చిక్కల్లా తీరానికి దగ్గరైన కొద్దీ, అంతర్వేది, సఖినేటిపల్లి వైపు, నేలలో ఉప్పుదనం పెరిగి ఇనుప పైపులూ క్లాంపులూ తొందరగా తుప్పుపడతాయి. మీరు నరసాపురం వైపు దగ్గరైతే ఎర్త్‌కు ఇనుప పైపు బదులు రాగిపూత కడ్డీ అడగండి, ఏడాదికోసారి క్లాంపు విప్పి చూపించండి. ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి కారితే సరఫరాను తనంతట తానే ఆపేసే స్విచ్చు) కూడా పెట్టించేయండి. ప్రొజెక్టరు కొనడానికి వేలు తీసి, దీనికి మాత్రం వెనకాడే ఇళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

కరెంటు పోయినప్పుడేం చేయాలన్నది మీరు అడగలేదు, కానీ మన దగ్గర గాలివాన వస్తే తీగ మీద కొబ్బరిమట్ట పడక మానదు కనుక చెబుతున్నాను. మీది ల్యాంపు ప్రొజెక్టరైతే, ఆపిన తర్వాత కూడా లోపలి ఫ్యాను కాసేపు తిరిగి ల్యాంపును చల్లబరచాలి. కరెంటు హఠాత్తుగా పోతే వేడి మొత్తం ల్యాంపు మీదే ఉండిపోతుంది, పదేపదే అలా జరిగితే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే ప్రొజెక్టరునూ కంప్యూటరునూ దాని లైనుకే తగిలించి, వెనకాల మీట ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో మారే ఆలస్యానికి కంప్యూటరు మళ్లీ మొదలవుతుంది. సార్వా కోతలకు ముందు రోజుల్లో దీపం కనబడితే పచ్చదోమ ముసురుతుంది, గాలి లాక్కునే జాలీలో చేరుతుంది. ఆ రోజుల్లో ఆరుబయట ఆడించినప్పుడల్లా మర్నాడు జాలీ తీసి దులపండి.

ప్రొజెక్టరును ఎక్కడ పెట్టాలన్నది మాన్యువల్‌లోని త్రో నిష్పత్తి, అంటే దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె, చెబుతుంది. అది 1.5 అయితే 2 మీటర్ల వెడల్పు బొమ్మకు 3 మీటర్ల దూరం కావాలి. గోడకు ఎదురుగా, నిటారుగా పెట్టండి. పక్క నుంచి వేసి కీస్టోన్ అనే సెట్టింగుతో వంకర సరిచేస్తే బొమ్మ చదరంగా కనిపిస్తుంది గానీ కొన్ని పిక్సెళ్లు వృథా అయి అక్షరాల పదును పోతుంది. కొత్తది కొనే ఆలోచన ఉంటే డబ్బా మీద వేలకు వేలు వేసిన ల్యూమెన్ల అంకెను నమ్మకండి, ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు, అంటే ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుతురు, ఎన్నో అడగండి. ‘1080పీ సపోర్ట్’ అంటే అసలు రిజల్యూషన్ 1080 అని కాదు. ‘నేటివ్’ అని రాసిన చోట ఏ అంకె ఉందో అదే దాని సత్తా. చిన్న అక్షరాల్లో దాచి అమ్మడం కొనేవాళ్లకు చేసే అన్యాయమని నేను అనుకుంటాను.

కేబులు విషయానికొస్తే, ప్రొజెక్టరులో హెచ్‌డీఎంఐ ఉంటే అదే వాడండి. ఫుల్ హెచ్‌డీకి 10 మీటర్ల లోపు మంచి మామూలు కేబులు సరిపోతుంది. శబ్దం కూడా అందులోనే వెళ్తుంది కనుక కేబులు పెట్టగానే విండోస్ శబ్దాన్ని ప్రొజెక్టరు లోపలి చిన్న స్పీకరుకు మళ్లించే అవకాశం ఉంది. టాస్క్‌బార్ కుడి మూలన స్పీకరు బొమ్మ మీద నొక్కి, అవుట్‌పుట్‌గా మీ కంప్యూటరు స్పీకర్లనే మళ్లీ ఎంచుకోండి. వీజీఏలో శబ్దం వెళ్లదు, దానికి 3.5 మిల్లీమీటర్ల ఆడియో కేబులు విడిగా వేయాలి. కంప్యూటరు, ప్రొజెక్టరు, స్పీకర్లు మూడింటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి, ఎర్త్ ఉన్న సాకెట్ నుంచి కరెంటు ఇచ్చి చూశాక కూడా మోత మిగిలితే, ఆ ఎర్త్ ఎక్కడైనా తెగిందేమో ఎలక్ట్రీషియన్‌తో వెతికించి, ఏం తేలిందో ఇక్కడే రాయండి.