మోడల్ పేరు చివరి అక్షరం దాకా చదువు

అమ్మలూ,

గేములాడటానికి పార్టులు కొని సొంతంగా కంప్యూటర్ బిగించుకుంటానని నువ్వు పంపిన లిస్టు చూశాను. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-12400ఎఫ్, మదర్‌బోర్డు (పార్టులన్నీ తగిలించే పలక) బీ650, ర్యామ్ డీడీఆర్4 పదహారు జీబీ. విడివిడిగా చూస్తే మూడూ మంచి సరుకే. కానీ బీ650 అనేది ఏఎండీ ప్రాసెసర్ల కోసం చేసిన బోర్డు, అందులో ఇంటెల్ చిప్ కూర్చోదు, డీడీఆర్5 అనే కొత్త తరం తప్ప వేరే ర్యామ్ దూరదు. అంటే ఆ బోర్డు తెచ్చుకుంటే నువ్వు రాసిన మిగతా రెండింట్లో ఒక్కటీ పనికిరాదు. కంగారు పడకు, ఇంకా డబ్బు కట్టలేదు కదా. ఒక్కో సామాను దగ్గర రివ్యూలు బాగున్నది ఏరుకుంటూ పోతే మొదటిసారి ఎవరికైనా ఇలాగే అవుతుంది. పార్టుల్ని ఒక్కొక్కటిగా కాదు, జతలుగా ఎంచుకోవాలి. ఆ జత కుదురుతుందో లేదో చాలావరకు వాటి పేర్లలోనే, ముఖ్యంగా పేరు చివర తగిలించిన అక్షరాల్లోనే ఉంటుంది. అది చదవడం వస్తే సగం టెన్షన్ పోతుంది.

ముందు ప్రాసెసర్ సంగతి పక్కన పెట్టి, ఏ మానిటర్ మీద ఏ గేములు ఆడతావో తేల్చుకో. 1080పీలో (స్క్రీన్ మీద ఎన్ని చుక్కలున్నాయో చెప్పే అంకె) వాలరెంట్ లాంటి షూటింగ్ గేము ఆడటానికి కావలసిన గ్రాఫిక్స్ కార్డు వేరు, ఇంకా ఎక్కువ చుక్కలుండే 1440పీలో పెద్ద పెద్ద ఓపెన్ వరల్డ్ గేములు ఆడటానికి కావలసింది వేరు. నువ్వు వాలరెంటే ఎక్కువ ఆడతానన్నావు, అది ఖరీదైన కార్డు అడిగే గేము కాదు. మానిటర్, కీబోర్డు, విండోస్ ఖర్చు మర్చిపోయి డబ్బంతా టవర్ (పార్టులన్నీ ఉండే డబ్బా) మీదే పెట్టేసే వాళ్లు బోలెడుమంది. తీరా చూస్తే సెకనుకి 150 ఫ్రేములు (బొమ్మలు) ఇచ్చే కార్డు కొని పాత 60 హెర్ట్జ్ స్క్రీన్‌కి తగిలిస్తారు, ఆ స్క్రీన్ చూపించేది సెకనుకి 60 సార్లే. కాబట్టి ముందు మానిటర్‌కి డబ్బు విడిగా తీసి పెట్టు, మిగిలిందే టవర్ బడ్జెట్ అనుకో.

ఆ టవర్ బడ్జెట్‌లో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా గ్రాఫిక్స్ కార్డుకే పోతుంది, పోవాలి కూడా. 1080పీకి ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 లాంటి 8 జీబీ కార్డులు ఇప్పటికీ సరిపోతాయి, అంతకంటే తక్కువ మెమరీ ఉన్నది మాత్రం కొత్తగా డబ్బు పెట్టి కొనకు. పేరు చివర చదవమన్నది ఇక్కడ మరీ ముఖ్యం. ఆర్‌టీఎక్స్ 3050 అని ఒకే పేరుతో 8 జీబీది ఒకటి, 6 జీబీది ఒకటి ఉన్నాయి, తేడా మెమరీ ఒక్కటే అనుకుంటావు, కాదు, 6 జీబీ దాంట్లో కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కూడా తగ్గించారు. అప్పట్లో జీటీఎక్స్ 1060కీ ఇదే కథ, 3 జీబీ కార్డు లోపల చిప్‌లో కొంత భాగాన్ని ఆపేసి అమ్మారు. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్నది చదివి ఊరుకుంటే అంతే సంగతులు.

కార్డు స్లాట్ విషయంలో భయం అక్కర్లేదు, పీసీఐఈ (ఆ స్లాట్ రకం పేరు) కొత్త కార్డు పాత బోర్డులోనూ, పాత కార్డు కొత్త బోర్డులోనూ పనిచేస్తుంది. ఒక్క మెలిక ఉంది. కొన్ని చౌక కార్డులు చూడటానికి స్లాట్ పొడుగంతా ఉంటాయి కానీ లోపల వాడే లేన్లు (డేటా పోయే దారులు) తక్కువ. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు లేన్లే వాడుతుంది, పైగా మెమరీ 4 జీబీ, దాన్ని పాత తరం పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే వేగం బాగా పడిపోతుంది. చౌకగా వస్తుందని దాని జోలికి పోకు.

ఇప్పుడు అసలు ముడి. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఈ మూడింటినీ ఒకే సామానుగా లెక్కేసుకో, ధర కూడా మూడూ కలిపే చూడు. ఏఎండీలో ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పాతది, రైజెన్ 5000 ప్రాసెసర్ల వరకు పడతాయి, డీడీఆర్4 మాత్రమే. ఏఎం5 అయితే రైజెన్ 7000 నుంచి మొదలు, డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ వైపు ఎల్‌జీఏ1700లో 12, 13, 14 తరాలు పడతాయి, ఇక్కడ ర్యామ్ ఏదన్నది బోర్డును బట్టి ఉంటుంది, ఒకే బోర్డుకి డీడీఆర్4 రకం, డీడీఆర్5 రకం విడివిడిగా చేస్తారు, డీడీఆర్4 రకానికి చాలాసార్లు పేరు చివర డీ4 అనో డీడీఆర్4 అనో తగిలిస్తారు. ఆ ముక్క చూడకుండా కొంటే అయిపోయినట్టే. ఎల్‌జీఏ1851 అనేది 2024లో వచ్చిన కొత్త సాకెట్, కోర్ అల్ట్రా 200 ప్రాసెసర్లకి, దాంట్లో డీడీఆర్5 ఒక్కటే.

రెండు ర్యామ్‌లనూ పక్కపక్కన పెట్టి చూడు ఎప్పుడైనా. రెంటికీ పిన్నులు 288, పొడుగు ఒకటే, కానీ కింద అంచున ఉండే గాడి రెంటికీ ఒకే చోట ఉండదు, ఒకదాంట్లో కొంచెం పక్కకి జరిగి ఉంటుంది. అందుకే ఒకటి ఇంకోదాని స్లాట్‌లోకి దిగదు. దిగకపోతే బలంగా నొక్కితే దిగుతుందేమో అనుకోవడం మన అలవాటు, అలా నొక్కావో స్లాట్ విరుగుతుంది.

వీటిలో ఏది తీసుకోమంటావు అంటే, డబ్బు నిజంగా బిగుతుగా ఉంటే ఏఎం4లో రైజెన్ 5 5600, ఒక బీ550 బోర్డు, డీడీఆర్4. ఆ సాకెట్‌కి ఇక పెద్దగా ముందుకెళ్లే దారి లేదు, కానీ 1080పీలో ఆ మధ్యరకం కార్డుకి అది చాలు. కొంచెం సాగదీయగలిగితే ఏఎం5 మీదే పెట్టమంటాను, ఎందుకంటే ఆ సాకెట్‌ని 2027 వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది, అంటే మూడు నాలుగేళ్ల తర్వాత బోర్డు, ర్యామ్ అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. నువ్వు మనసు పడ్డ 12400ఎఫ్ కూడా చెడ్డదేం కాదు, దానికి డీడీఆర్4 తీసుకునే బీ660 బోర్డో బీ760 బోర్డో జత చేస్తే నీ లిస్టులోని ర్యామ్ అలాగే ఉంచుకోవచ్చు. ర్యామ్ ధర ఒక్కోసారి చుక్కలు చూపిస్తుంది కాబట్టి ఈ మూడు జతల మొత్తాలూ కొనే రోజున లెక్కేసి చూడు, ఆరు నెలల కిందటి వీడియోలో చెప్పిన లెక్క ఇవాళ నిలవకపోవచ్చు.

ప్రాసెసర్ పేరు చివర అక్షరాలు కూడా చెప్పేస్తాను. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండవు, కార్డు లేకుండా స్క్రీన్ మీద ఏమీ రాదు. కే ఉంటే ఓవర్‌క్లాక్ చేయొచ్చు (కంపెనీ పెట్టిన వేగం దాటించి నడపొచ్చు), దానికి జడ్ రకం ఖరీదైన బోర్డు కావాలి, కూలర్ కూడా డబ్బాలో రాదు, నీకు ఆ గొడవ వద్దు. ఏఎండీలో 5600జీ అంటే సొంత గ్రాఫిక్స్ ఉన్నది. కార్డు తర్వాత కొనుక్కుంటాను, ఇప్పటికి దీంతో నెట్టుకొస్తాను అనుకునేవాళ్లు దాన్ని తీసుకుంటారు, తప్పు లేదు, కానీ దాంట్లో క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) 5600లో సగమే, పీసీఐఈ కూడా 3.0 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి రేపు కార్డు పెట్టాక 5600తో సమానంగా రాదు. 5500 అయితే మరీ అన్యాయం, దాంట్లో ఆ కోతలన్నీ ఉన్నాయి, సొంత గ్రాఫిక్స్ మాత్రం లేవు.

సాకెట్ కలిసినంత మాత్రాన పని అయిపోలేదు, బోర్డులో బయోస్ (కంప్యూటర్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) ఆ ప్రాసెసర్‌ని గుర్తుపట్టాలి. బీ450 బోర్డు 2018 నాటిది, రైజెన్ 5000 వచ్చింది 2020 చివర్లో, మధ్యలో అప్‌డేట్ చేయని పాత స్టాకు బోర్డు దొరికితే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. బీ660లో 14వ తరం పెట్టినా ఇదే ముప్పు. బోర్డు తయారుచేసిన కంపెనీ సైట్లో ఆ మోడల్ పేజీకి వెళ్తే సీపీయూ సపోర్ట్ లిస్ట్ అని ఉంటుంది, నీ ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసుంటుంది. కొనే ముందు అది చూడటం తప్పనిసరి, మిగతా సలహాలన్నీ మర్చిపోయినా సరే. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్ కొన్ని బోర్డుల వెనక ఉంటుంది, అలాంటిది దొరికితే ఇంకా నిశ్చింత.

పవర్ సప్లై దగ్గర మాత్రం కక్కుర్తి పడకు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చేది అసలే వద్దు. కార్డుకి స్లాట్ నుంచి 75 వాట్లు, ఆరు పిన్నుల తీగ నుంచి 75, ఎనిమిది పిన్నుల తీగ నుంచి 150 వాట్లు అందుతాయి, ఆ లెక్కన నువ్వు కొనే కార్డు దాహం తెలిసిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4060 తాగేది 115 వాట్లే, ఆర్‌ఎక్స్ 6600 అయితే 132. నీకు మంచి 550 వాట్లది చాలు, రేపు పెద్ద కార్డు పెట్టే ఉద్దేశం ఉంటే 650. మంచిది అంటున్నాను చూడు, 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే ముద్రలు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తాయి కానీ లోపలి సరుకు నాణ్యతని చెప్పవు, అందుకే వారంటీ ఎన్నేళ్లు ఇస్తున్నారో చూడు, అయిదేళ్లకి తక్కువైతే వదిలెయ్. ఇంకో మాట, తీగలు ఊడి వచ్చే మాడ్యులర్ రకం కొంటే దాని తీగలు దానికే వాడాలి. కార్డు వైపు ప్లగ్గులు అన్నిటికీ ఒకటే, సప్లై వైపు మాత్రం ఏ కంపెనీ పిన్నులు ఎలా అమర్చుకుందో దాని ఇష్టం. స్నేహితుడి దగ్గర మిగిలిన తీగ ఉంది కదా అని గుచ్చితే కార్డో, గేములూ ఫైళ్లూ దాచే ఎస్ఎస్‌డీయో కాలిపోతుంది.

ఎస్ఎస్‌డీ సంగతి క్లుప్తంగా. ఎమ్.2 అనేది ఆకారం పేరు మాత్రమే, అందులో నెమ్మదైన సాటా రకం, వేగమైన ఎన్‌వీఎమ్ఈ రకం రెండూ ఉన్నాయి, నువ్వు ఎన్‌వీఎమ్ఈ తీసుకో. కొన్ని బోర్డుల్లో ఎమ్.2 స్లాట్ నింపితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి, పాత హార్డ్‌డిస్క్ కూడా తగిలిద్దామనుకుంటే మాన్యువల్ ఒకసారి తిరగెయ్. ఒక టెరాబైట్‌కి తక్కువ తీసుకుంటే నాలుగు గేములకే నిండిపోతుంది.

క్యాబినెట్ నీ ఇష్టం, ముందు జాలీ ఉండి గాలి ఆడేది అయితే చాలు, ఆర్‌జీబీ లైట్ల గురించి నేనేం మాట్లాడను, మాట్లాడినా నువ్వు వినవు. కానీ స్పెసిఫికేషన్లలో కార్డు ఎంత పొడుగు వరకు పడుతుంది, కూలర్ ఎంత ఎత్తు వరకు పడుతుంది అనే రెండు అంకెలు మిల్లీమీటర్లలో ఇస్తారు, నీ కార్డు పేజీలో ఉన్న పొడుగుతో పోల్చుకో. మూడు ఫ్యాన్ల కార్డు చిన్న డబ్బాలో పట్టక తిరిగి పంపిన వాళ్లని చూశాను. నీది మైక్రో ఏటీఎక్స్ బోర్డు అయితే 244 మిల్లీమీటర్ల చదరం. ఏటీఎక్స్ డబ్బాలో హాయిగా పడుతుంది, కాకపోతే బోర్డు కింద ఇత్తడి స్టాండాఫులు అని చిన్న మరలు ఉంటాయి, బోర్డులో రంధ్రం లేని చోట అవి ఉంటే తీసెయ్యాలి. బోర్డు వీపుకి లోహం తగిలితే షార్ట్ అవుతుంది.

పాత సామాను కొనడం తప్పేం కాదు. కార్డు అయితే ఎదురుగా అరగంట గేము ఆడించి చూసి తీసుకోవచ్చు. ఏఎం4 ప్రాసెసర్ అయితే తిరగేసి పిన్నులు వెలుతురుకి అడ్డంగా పెట్టి వరసలు తిన్నగా ఉన్నాయో లేదో చూడు, దాంట్లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఏఎం5, ఇంటెల్ రకాల్లో అవి బోర్డు సాకెట్‌లో ఉంటాయి, కాబట్టి అక్కడ చూడాల్సింది బోర్డుని. పవర్ సప్లై మాత్రం పాతది వద్దే వద్దు.

నెలకొకటి చొప్పున కొందామనుకుంటున్నట్టు రాశావు, అలా చెయ్యకు. మొదట కొన్న బోర్డు పనిచేస్తుందో లేదో ఆఖరి పార్టు వచ్చేదాకా తెలియదు, ఈలోపు వాపసు ఇచ్చే గడువు దాటిపోతుంది, వారంటీ కూడా డబ్బాలోనే కరిగిపోతుంది. డబ్బు దాచుకో, అన్నీ ఒకే వారంలో తెప్పించుకో.

సామాను వచ్చాక క్యాబినెట్‌లో బిగించే ముందే బోర్డుని దాని అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్, కూలర్, ర్యామ్, కార్డు తగిలించి ఒకసారి ఆన్ చెయ్. రెండు ర్యామ్ కర్రలైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్. ఎనిమిది పిన్నుల తీగలు రెండు రకాలు, నాలుగు నాలుగుగా విడిపోయేది ప్రాసెసర్‌కి, ఆరు రెండుగా విడిపోయేది కార్డుకి, ఒకదాని బదులు ఇంకోటి పెట్టకు. మానిటర్ తీగ బోర్డుకి కాదు, కార్డుకి గుచ్చు. డీడీఆర్5 తీసుకుంటే మొదటిసారి ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, పాడైందనుకుని మధ్యలో స్విచ్ కట్టెయ్యకు. తెర వచ్చాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చెయ్, లేకపోతే ర్యామ్ కొన్న వేగంతో నడవదు. వాలరెంట్‌కి విండోస్ 11లో టీపీఎమ్, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉండాలి, ఆ పని కూడా అక్కడే చూసుకో. విండోస్ ఎక్కాక డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు (స్క్రీన్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ అంకె) 60 దగ్గరే ఉండిపోతుంది చాలాసార్లు, దాన్ని నీ మానిటర్ ఇచ్చేంత వరకు పెంచు.

నీ బాబాయి