పొగిడితే ఆడవాళ్లు ఎందుకు కొట్టిపారేస్తారు? అది స్వభావమా?

“పొగిడితే మగవాళ్లు హాయిగా థాంక్స్ అంటారు, ఆడవాళ్లేమో ‘అబ్బే, అంత లేదండీ’ అని తీసిపారేస్తారు. ఇది సంస్కృతి వల్లా, పుట్టుకతో వచ్చిన స్వభావమా?” అని ఒకరు అడిగారు.

స్వభావం అంటే నేను ఒప్పుకోను. ఇరవై ఏళ్లు తిరక్కుండానే తలకిందులయ్యేది స్వభావం ఎలా అవుతుంది? చైనాలోని షియాన్ నగరంలో, పొగిడితే ఏమని జవాబిస్తారని చెన్ అనే భాషావేత్త విద్యార్థులను అడిగి, ఫలితాలను 1993లో ప్రచురించారు. 95 శాతానికి పైగా జవాబులు పొగడ్తను కాదనేవే. అదే ఊళ్లో మళ్లీ అడిగితే, 2010లో వచ్చిన ఫలితాల్లో 60 శాతానికి పైగా జవాబులు దాన్ని ఒప్పుకునేవి! వినయం ఆడవాళ్ల సొత్తన్నది కూడా అన్ని చోట్లా చెల్లదు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో కుంగ్ అనే ఆదివాసుల దగ్గర ఆ బరువు మోసింది మగవాళ్లే. ఎంత పెద్ద జంతువును వేటాడినా, దాన్ని మోసుకు రావడానికి వెళ్లినవాళ్లు ‘ఈ బక్కదాని కోసమా మమ్మల్ని ఇంత దూరం పిలిచావు’ అనేవారట. వేటగాడికి గర్వం తలకెక్కకూడదని. దీని గురించి రిచర్డ్ లీ అనే మానవశాస్త్రవేత్త 1969లో రాశారు.

కాబట్టి ‘ఎందుకు కొట్టిపారేస్తారు’ అని అడిగేముందు, అసలు వాళ్లను దేనికి పొగుడుతున్నారో చూడండి. నేను చెప్పాలనుకున్నది అదే.

మా ఆఫీసులో నా పై అధికారి ఒకావిడ. కస్టమర్లు ఎందుకు మమ్మల్ని వదిలి వెళ్లిపోతున్నారో కనిపెట్టే పని ఆవిడ మీద పడింది. అందరూ ‘రేటు ఎక్కువ, అందుకే’ అనుకుంటున్నారు. ఆవిడ పాత ఫిర్యాదులన్నీ తిరగేసింది. సమస్య తీరకుండానే ‘పరిష్కరించాం’ అని మూసేసి, కస్టమర్ మళ్లీ ఫోన్ చేస్తే తిరిగి తెరిచిన ఫిర్యాదులను విడిగా తీసింది. వెళ్లిపోయినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. ఆ గ్రాఫ్ తెర మీద పడగానే గదిలో ఎవరూ కదల్లేదు. అంత స్పష్టంగా ఉంది.

ప్రజెంటేషన్ అయిపోయింది. ‘ఎవరైనా ఏమైనా అడుగుతారా’ అంది ఆవిడ. కొత్తగా చేరిన కుర్రాడొకడు చేయెత్తి, “మేడమ్, ఈ కలర్ మీకు చాలా బాగుంది” అన్నాడు. నలుగురు నవ్వారు. వాడిలో చెడు ఉద్దేశం ఏమీ లేదు, నిజంగా మంచి మాట చెప్పాలనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అంతకు ముందే, ఆవిడ హోదాలోనే ఉన్న ఒకాయన సగం తయారైన స్లైడ్లు చూపిస్తే, ఇదే కుర్రాడు “అనాలిసిస్ అదిరింది సార్” అన్నాడు. ఆయన చొక్కా రంగు ఎవరికీ కనపడలేదు.

ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు, ‘అబ్బే’ అనలేదు. “థాంక్యూ. మరి మూడో గ్రాఫ్ మీద నీ అభిప్రాయం ఏంటి?” అని అడిగి, జవాబు కోసం ఆగింది. వాడు కాసేపు తడబడ్డాడు. తర్వాత, “తిరిగి తెరిచిన ఫిర్యాదులను ఇలా విడిగా లెక్కపెట్టొచ్చని నాకు ఎప్పుడూ తట్టలేదు మేడమ్” అన్నాడు. ఆవిడ ముఖం వెలిగింది. అసలు పొగడ్త అదీ! వాడికి ఆ మాట తెలియక కాదు, ఆడమనిషికి చెప్పాల్సిన మాటల్లో అది ఉంటుందని ఎవరూ నేర్పలేదు.

ఇది మా ఒక్క ఆఫీసు గొడవ కాదు. అమెరికాలో పొగడ్తల మీద పరిశోధన చేసిన నెస్సా వుల్ఫ్‌సన్ 1980లలోనే దీన్ని పట్టుకున్నారు. పనితనాన్ని మెచ్చుకోవడం ఎక్కువగా పైవాళ్ల నుంచి కిందివాళ్లకు వస్తుంది. కానీ ఆడమనిషి అందచందాల గురించి, ఆవిడ ఏ హోదాలో ఉన్నా సరే, ఎవరైనా మాట్లాడొచ్చు. అలాంటి పొగడ్తను ‘అంత లేదులెండి’ అని పక్కకు నెట్టడం సిగ్గు వల్ల కాదు, తెలివి.

మగవాళ్ల సంగతికొస్తే, వాళ్లు హాయిగా తీసుకుంటారన్నారు, అసలు వాళ్లకు ఎన్ని అందుతున్నాయి? న్యూజిలాండ్‌లో జానెట్ హోమ్స్ అనే భాషావేత్త సేకరించి 1988లో విశ్లేషించిన పొగడ్తల్లో 68 శాతం ఆడవాళ్లు చెప్పినవి, 74 శాతం ఆడవాళ్లకు అందినవి. మగవాడు మగవాడిని పొగిడినవి 9 శాతమే. మా అన్నయ్యకు ఎవరైనా స్నేహితుడు మంచి మాట చెప్పాలంటే తిట్టు రూపంలో చెప్పాల్సిందే. సూటిగా చెబితే ‘ఏంట్రా, అప్పు కావాలా’ అంటాడు. ఇంత కరువులో బతకడం మగవాళ్లకూ మంచిది కాదు.

ఇంకో బాధ, తోక తగిలించిన పొగడ్తలు. ‘ఈ వయసులో కూడా బాగున్నారు’, ‘ఆడపిల్లవైనా భలే చేశావు’. ఆ తోక కత్తిరించి చెబితే ఏం పోతుంది? ఒకసారి వద్దన్నాక ‘లేదు లేదు, నిజంగా’ అంటూ వెంటపడేవాళ్లు కూడా దయచేసి ఆగాలి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది నోటిమాటగానే మిగిలిపోయే మెచ్చుకోలు. ‘నువ్వు లేకపోతే ఈ టీమే లేదు’ అంటారు. అప్రైజల్ ఫారం తెరిచి చూస్తే ‘అందరితో కలిసిమెలిసి ఉంటుంది’ అని రాసి ఉంటుంది. జీతం పెంచేటప్పుడు చదివేది ఫారాన్నే కదా. అందుకే ఇప్పుడు ఎవరైనా నా పనిని మెచ్చుకుంటే థాంక్స్ చెప్పి, ఆ మాటే ఒక మెయిల్లో రాసి మా మేనేజర్‌కి కూడా పంపమని అడుగుతున్నాను. చాలామంది సంతోషంగానే పంపుతున్నారు.